మార్కుల పక్కన ఏం రాయాలి?

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లల్లో ఈమధ్య కొత్త మాట ఒకటి తిరుగుతోంది. ‘ప్రొఫైల్ బిల్డింగ్’ అట. నిన్నమొన్నటిదాకా మనకు ర్యాంకే దేవుడు. ఇప్పుడు ఆ దేవుడి పక్కన ఇంకో విగ్రహం వెలిసింది. లక్షో రెండు లక్షలో కడితే చాలు. ఒక స్వచ్ఛంద సంస్థ సర్టిఫికెట్టు, ఒక ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్పు, పిల్లాడి పేరు మీద ఒక రీసెర్చ్ పేపరు.. అన్నీ వాళ్లే చూసుకుంటారట. పెళ్లి భోజనానికి ప్లేటుకింత అని చెప్పినట్టు రేట్లు కూడా చెప్తున్నారు.

అసలు ఇది ఎవరికి అవసరమో ముందు తేల్చుకుందాం. ఎప్‌సెట్‌లోనో, జేఈఈ కౌన్సెలింగ్‌లోనో మీ అమ్మాయి వీణ వాయిస్తుందా, మీ అబ్బాయి రక్తదాన శిబిరం పెట్టాడా అని ఎవరూ అడగరు. ర్యాంకు, కేటగిరీ, సీటు.. అంతే. ఆ దారిలో వెళ్లేవాళ్లు సర్టిఫికెట్లకు పైసా ఖర్చు పెట్టక్కర్లేదు.

మార్కులు దాటి చూసే చోట్లు వేరే ఉన్నాయి. మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ డ్యూయల్ డిగ్రీ కోసం యూజీఈఈ అని సొంత పరీక్ష పెట్టి, ఆ తర్వాత ఇంటర్వ్యూ చేస్తుంది. ఒలింపియాడ్లలో రాణించినవాళ్లకు వేరే దారి కూడా ఉంచింది. ఒలింపియాడ్ అంటే స్కూళ్లలో ఫీజు కట్టించుకుని పతకాలిచ్చేవి కాదండోయ్. ముంబయిలోని హోమీ భాభా సెంటర్ ఆధ్వర్యంలో జరిగేవి. ఐఐటీ మద్రాస్ 2024-25లో క్రీడాకారుల కోసం ఒక్కో కోర్సులో 2 అదనపు సీట్లు పెట్టింది. అందులో ఒకటి అమ్మాయిలకే. 2025-26లో లలితకళలకు, సైన్స్ ఒలింపియాడ్లకు కూడా తలుపు తెరిచింది. అయితే ఆటలకైనా పాటలకైనా జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాల్సిందే. అశోకా లాంటి ప్రైవేటు యూనివర్సిటీలు వ్యాసాలు రాయిస్తాయి, ఇంటర్వ్యూలు చేస్తాయి. ఇక అమెరికాలోని పెద్ద కాలేజీలైతే మార్కులతో పాటు మనిషి గురించి కూడా అడుగుతాయి.

చిక్కంతా అక్కడే వస్తోంది. నేనుండేది బాలానగర్‌లో. మా వీధి చివర లేత్ షెడ్డు నడిపే ఆయన నాకు ఎన్నో ఏళ్లుగా స్నేహితుడు. కూతురు ఇంటర్ ఫస్టియర్. అమెరికాలో చదవాలని ఆ పిల్లకు గట్టి కోరిక. మొన్న టీ తాగుతూ ఆయన అడిగాడు:

“అన్నా, పిల్లకు మార్కులు మంచిగనే వస్తున్నయి. గని ఫారంల రాయనీకి ఏం లేదు. డ్యాన్స్ రాదు, స్విమ్మింగ్ రాదు. రెండు లక్షలు కడితే మేం చూసుకుంటమంటున్నరు. కట్టమంటవా?”

“సాయంత్రం పూట ఏం చేస్తది పిల్ల?”

“ఏం చేస్తది, షెడ్డుకొస్తది. బిల్లులు రాస్తది. వెర్నియర్ పట్టుకొని పీసులు చెక్ చేస్తది. పోయినేడు రిజెక్షన్ ఎక్కువైతే, ఏ మిషన్ మీద పోతున్నయో ఆర్నెల్లు నోట్‌బుక్కుల రాసి సూపెట్టింది. గవి కూడ లెక్కలకొస్తయా అన్నా?”

“వాళ్లకు చెప్పినవా ఈ సంగతి?”

“చెప్పిన. షెడ్డు సంగతి రాయొద్దన్నరు. పిల్లకు గూడ నామోషీగుంది.”

ఆ ఆఖరి మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. రెండు లక్షలు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. తండ్రి పని చెప్పుకోవడానికి సిగ్గుపడాలని పదహారేళ్ల పిల్లకు నేర్పితే ఆ నష్టం ఎక్కడ పూడుతుంది?

నిజానికి ఆ ఫారంలో ఏముందో చూడండి. అమెరికాలో చాలా కాలేజీలు వాడే కామన్ యాప్‌లో 10 వ్యాపకాలు రాసుకోవచ్చు. ఎంచుకోమని ఇచ్చే రకాల్లో సంగీతం, క్రీడలు, సేవ ఉన్నట్టే జీతానికి చేసే పని ఉంది, ‘కుటుంబ బాధ్యతలు’ కూడా ఉంది. అంటే నాన్న షెడ్డులో లెక్కలు చూసినా, చెల్లెల్ని స్కూల్లో దింపి వంట చేసినా, నానమ్మకు మందులు వేసినా రాసుకోవచ్చన్నమాట. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని కూడా అడుగుతారు. ఎంఐటీ సొంత ఫారంలోనైతే వ్యాపకాలకు ఇచ్చేది 4 గళ్లే. ఇరవై సర్టిఫికెట్లు కొన్నా పెట్టడానికి చోటేది?

రాసే తీరులోనే ఉంది కిటుకు. కామన్ యాప్‌లో ఒక్కో వ్యాపకానికి 150 అక్షరాలే ఇస్తారు. ‘నాన్నకు సాయం చేశాను’ అంటే ఏమీ తెలియదు. ఏ మిషన్, ఎన్ని నెలలు, ఏం కొలిచింది, దానివల్ల ఏం మారింది.. ఇది రాస్తే మనిషి కనబడుతుంది. 650 మాటల వ్యాసమూ అంతే. పెద్ద పెద్ద ఆశయాలు అందరూ రాస్తారు. పీసు ఎందుకు రిజెక్టయిందో ఆర్నెల్లు వెంటపడినవాళ్లు ఎందరుంటారు?

మన దగ్గరి మనిషి కథే ఒకటి చెప్తాను. బొల్లా శ్రీకాంత్‌ది మచిలీపట్నం దగ్గర సీతారామపురం. పుట్టుకతోనే చూపు లేదు. బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాలలో చదివాడు. పది తర్వాత సైన్స్ తీసుకోనివ్వకపోతే కోర్టుకెళ్లి గెలిచి, 98 శాతంతో పాసయ్యాడు. ఐఐటీ కోచింగ్‌కు చేర్చుకోమన్నారు. అమెరికాకు దరఖాస్తు పెట్టుకుంటే ఎంఐటీ పిలిచింది. 2009లో చేరి, అక్కడ చదివిన తొలి విదేశీ అంధ విద్యార్థి అయ్యాడు. తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. 98 శాతం చాలామందికి వస్తుంది. ఆ చదువు కోసం కోర్టు మెట్లెక్కినవాళ్లెందరు? కష్టాన్ని అమ్ముకోమని కాదు నేననేది. కష్టం ఎదురైనప్పుడు పిల్ల ఏం చేసిందో చెప్పమంటున్నాను.

అబద్ధం సంగతి కూడా చెప్పుకోవాలి. 2019లో అమెరికాలో డబ్బున్న తల్లిదండ్రులు కోచ్‌లకు లంచాలిచ్చి, ఆట రాని పిల్లల్ని క్రీడాకారులుగా చూపించిన కుంభకోణం బయటపడింది. కొందరు జైలుకెళ్లారు. 2024లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో దొంగ పత్రాలతో చేరిన మన దేశపు కుర్రాడొకడు సీటు పోగొట్టుకుని ఇంటికి తిరిగి రావాల్సి వచ్చింది. రాయని రీసెర్చ్ పేపరు మీద ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న పడితే పిల్లాడు ఏం చెప్తాడు?

మరి చేయాల్సిందేమిటి? ఉన్నదాన్ని లోతు చేయడం. బాలానగర్‌లో వనరులకు కొదవ లేదు. 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతున్న సీఐటీడీ ఇక్కడే ఉంది. ఇస్రోవారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఇక్కడే ఉంది. వాళ్ల ‘భువన్’ వెబ్‌సైట్‌లో ఉపగ్రహ చిత్రాలు ఎవరైనా చూడొచ్చు. లెక్కలంటే ఇష్టమున్న పిల్ల షెడ్డు రిజెక్షన్‌ని గ్రాఫు గీయొచ్చు. భూగోళం ఇష్టమైతే హస్మత్‌పేట చెరువు చుట్టూ తిరిగి, పటంతో పోల్చి చూసి, నలుగురికీ చెప్పొచ్చు. ఒకటే పని, రెండేళ్ల పాటు. ఆర్నెల్లకు ఒక కొత్త సర్టిఫికెట్టు కన్నా అదే నయం.

లెక్చరర్ల సిఫారసు లేఖలు ఆఖరి వారంలో తెచ్చుకునేవి కావు. మన కాలేజీల్లో కౌన్సెలర్లు ఉండరు కాబట్టి ప్రిన్సిపాలో, సీనియర్ లెక్చరరో రాయాలి. అమ్మానాన్నలు టైపు చేసి సంతకం పెట్టించుకునే ఉత్తరాలన్నీ ఒకేలా ఉంటాయి. ఫస్టియర్‌లోనే ఒక లెక్చరర్‌ని పట్టుకుని ప్రశ్నలడిగే పిల్ల గురించి ఆయనకు చెప్పడానికి ఒక సంఘటనైనా ఉంటుంది.

డబ్బు మాట మర్చిపోకండి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటి కొన్ని చోట్ల విదేశీ విద్యార్థి సాయం అడిగినా సీటు నిర్ణయంలో అది అడ్డురాదు. చాలా కాలేజీల్లో వస్తుంది. జాబితా రాసుకునే ముందే ఆ రెండు రకాల్ని విడదీసుకోండి. అమెరికా రాకపోతే ఏమిటన్నది కూడా ముందే ఆలోచించుకోండి. ఎప్‌సెట్ రాయడం మానక్కర్లేదు.

మా స్నేహితుడికి రెండు లక్షలు కట్టొద్దనే చెప్పాను. ఆ నోట్‌బుక్కు పారేయొద్దని, ఇక నుంచి తేదీలు వేసి రాయమని పిల్లకు చెప్పమన్నాను. మీ ఇంట్లోనూ ఈ ఆదివారం కూర్చుని, ఎవరూ చెప్పకుండానే మీ పిల్లలు చేసే పనులేమిటో ఒక కాగితం మీద రాయండి. ఎన్ని గంటలు, ఎన్నాళ్ల నుంచి అన్నది పక్కనే వేయండి. ఆ కాగితం చూశాక కూడా ప్యాకేజీ కొనాలనిపిస్తే, అప్పుడు ఆలోచిద్దాం.