గీత జరిపితే ఆట అందరిదీ అవుతుంది

వానాకాలం వచ్చిందంటే మన హాస్టల్లో రెండు వస్తాయి. ఒకటి ఆరని బట్టల వాసన. రెండోది సాయంత్రం అయిదు నుంచి ఆరు వరకు ఏం చేయాలో తోచని గంట. మిగతా రోజుల్లో ఆ గంట టెన్నికాయిట్‌ది. వాన పడితే కోర్టు బురద గుంట అవుతుంది. ఆరింటికి గేటు పడుతుంది, తర్వాత స్టడీ అవర్. మధ్యలో ఆ ఒక్క గంటా వరండాలో కూర్చుని చినుకులు లెక్కపెట్టడమే మా పని.

నిజం చెప్పాలంటే ఎండ కాసిన రోజున కూడా ఆ గంట అందరిదీ కాదు. రింగు ఒకటే, కోర్టు ఒకటే. ఆడేది ఇద్దరో నలుగురో. వాళ్ళు ఎప్పుడూ తొమ్మిది, పది తరగతుల అక్కలే. మూడో తరగతి చెల్లెళ్ళ పని రింగు గోడ అవతల పడితే తెచ్చివ్వడం. చంక కర్రలతో నడిచే మా చెల్లి ఒకామె మూడేళ్ళుగా స్కోరు పుస్తకం పట్టుకునే కూర్చుంది. ఆమెకు ఆట నియమాలన్నీ మా కంటే బాగా తెలుసు. రింగు మాత్రం ఒక్కసారీ పట్టుకోలేదు. మేమెవరమూ ఇవ్వలేదు.

అందుకే గత వానాకాలంలో మేము బల్ల మీద ఆడే రింగులాట ఒకటి తయారు చేసుకున్నాం. ఎలా చేశామో చెప్పడం ఈ వ్యాసంలో సగం. ఆట తయారు చేసేటప్పుడు ఎవరిని దృష్టిలో పెట్టుకోవాలన్నదానిపై మా అభిప్రాయం చెప్పడం మిగతా సగం.

బయటి ఆటను లోపలికి తేవడం కొత్త సంగతేమీ కాదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడికి ఇలాంటి చిక్కే వచ్చింది. బయట చలికాలం, లోపల అల్లరి చేసే కుర్రాళ్ళు. ఆయన చిన్నప్పుడు ఆడిన ఆట ఒకటి గుర్తుకు తెచ్చుకున్నాడు. పెద్ద బండ మీద చిన్న రాయి పెట్టి దాన్ని రాళ్ళతో కొట్టి పడగొట్టే ఆట అది. మన ఏడుపెంకులాటకు దూరపు చుట్టం అనుకోండి. అందులో బలంగా విసిరిన రాయి కంటే మెల్లగా పైకెగసి వంపు తిరిగి పడిన రాయే బాగా తగులుతుందని ఆయన గమనించాడు. దాన్ని మనసులో పెట్టుకుని పీచ్ పండ్ల బుట్టలు రెండు వ్యాయామశాల గ్యాలరీ అంచుకు కొట్టించి, 13 నియమాలు రాశాడు. అదే బాస్కెట్‌బాల్. గ్యాలరీ 10 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టే ఈనాటికీ బుట్ట ఎత్తు 10 అడుగులు.

మన టెన్నికాయిట్ కథ కూడా అలాంటిదే. దాని పేరులోనే టెన్నిస్, కాయిట్స్ అనే రెండు ఆటలున్నాయి. కాయిట్స్ అంటే ఇంగ్లండులో మట్టిలో పాతిన మేకు మీదికి ఇనుప రింగులు విసిరే ఆట. ఓడ మీద ఇనుము విసిరితే డెక్ పాడవుతుంది కదా! అందుకే ఓడల్లో తాడుతో చుట్టిన రింగులు వాడారు. చోటు మారితే వస్తువు మారాలి, విసురు మారాలి, నియమం మారాలి. ఈ పాఠం మేము పుస్తకంలో చదవక ముందే దెబ్బ తిని నేర్చుకున్నాం.

మొదట టెన్నికాయిట్ రింగునే బల్ల మీదికి విసిరాం. బల్ల మీద ఉన్న సిరా బుడ్డి పోయింది. తర్వాత చిన్న రింగుల కోసం వెతికాం. చేతులు పెరిగి బిగుతైపోయిన ప్లాస్టిక్ గాజులు ఏ ట్రంకుపెట్టెలో చూసినా ఉన్నాయి. మట్టి గాజులు వద్దే వద్దని తీర్మానించాం. గాజుల సైజు గురించి మనకొకరు చెప్పాలా? రెండుంపావు, రెండున్నర అని మనం దుకాణంలో అడిగేది లోపలి వ్యాసం అంగుళాల్లో. రెండున్నర అంటే 63.5 మిల్లీమీటర్లు. మేము అవే తీసుకున్నాం.

వట్టి గాజు బల్ల మీద పడి ఎగిరి కింద దొర్లింది. పైగా టకటక చప్పుడు. పక్క గదిలో చదువుకునే పదో తరగతి అక్కలు కేకలేశారు. అప్పుడు పాత చున్నీని సన్నగా చింపి గాజు చుట్టూ చుట్టాం. బల్ల మీద చిరిగిన దుప్పటి రెండు మడతలు పరిచాం. ఎగరడం తగ్గింది, చప్పుడు పోయింది, గాజుకు కాస్త బరువు కూడా వచ్చింది. ఓడ వాళ్ళ తాటి రింగు మా చున్నీ గాజు అయింది.

మేకుగా పెన్సిల్ పెట్టాం. నిలబెట్టడానికి అరిగిన హవాయి చెప్పు అడుగు పనికొచ్చింది. బొటనవేలి దగ్గరి రంధ్రంలో కాగితం చుట్టిన పెన్సిల్ సరిగ్గా బిగుస్తుంది. అయితే చదువుకునే బల్ల మీద చెప్పులేంటని వంట అక్క గట్టిగానే చీవాట్లు పెట్టింది. ఆమె మాట నిజమే. అడుగును బాగా కడిగి, రంధ్రం చుట్టూ గుండ్రంగా కోసి, గుడ్డ చుట్టాం. అలాంటివి మూడు చేశాం. దగ్గరిదానికి 1, మధ్యదానికి 2, దూరపుదానికి 3 పాయింట్లు. ఒక్కొక్కరికి అయిదు గాజులు. మొత్తం మీద కొన్నది ఏమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. జాతరలో రింగులాట దుకాణం అందరం చూశాం. సబ్బులు, దువ్వెనలు, బొమ్మలు వరుసగా పేర్చి ఉంటాయి. రింగు విసిరితే వస్తువు చుట్టూ పూర్తిగా పడాలి. పడదు. మన గురి బాగాలేదనుకుని ఇంటికొస్తాం. ఆడలేక మద్దెల ఓడు అంటున్నామని మీరు అనుకోవచ్చు. కానీ ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు. లెక్క చూడండి. చున్నీ చుట్టాక మా గాజు లోపల మిగిలిన వ్యాసం 57 మిల్లీమీటర్లు. పెన్సిల్ మందం 7. గాజు బల్లపరుపుగా పడిందనుకుంటే, దాని మధ్య బిందువు ఎటువైపైనా 25 మిల్లీమీటర్ల వరకు తప్పినా గాజు పెన్సిల్‌కు పడుతుంది. అదే గాజును 50 మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రటి డబ్బా మీదికి విసిరితే? తప్పడానికి ఉన్న చోటు మూడున్నర మిల్లీమీటర్లే. వృత్త వైశాల్యం వ్యాసార్ధం వర్గాన్ని బట్టి మారుతుందని పదో తరగతి వాళ్ళందరికీ తెలుసు. అంటే గాజు సరిగా పడే చోటు సుమారు 50 రెట్లు తగ్గిపోయింది. విసిరేది అదే చెయ్యి, అదే గాజు. వస్తువు వెడల్పు మార్చి ఫలితం మార్చేశారు.

కాబట్టి మేము అనేది ఇది. ఆటలో ఎవరు గెలుస్తారన్నది విసిరే చెయ్యి ఒక్కటే తేల్చదు, కొలతలు పెట్టిన చెయ్యి కూడా తేలుస్తుంది. కొలతలు పెట్టే అవకాశం మనకే వచ్చినప్పుడు ఎవరి పక్షాన పెడతామన్నదే ప్రశ్న.

మా ఆటలో ఆ ప్రశ్న మొదటి రోజే వచ్చింది. పెన్సిళ్ళకు 3 అడుగుల దూరంలో గీత గీశాం. పెద్దవాళ్ళు అయిదులో నాలుగు వేశారు. చిన్నవాళ్ళకు ఒక్కటీ పడలేదు. కోర్టులో ఏం జరుగుతుందో బల్ల మీదా అదే జరిగింది. రింగు తెచ్చివ్వడానికి బదులు గాజు తెచ్చివ్వడం, అంతే తేడా!

అప్పుడు స్కోరు పుస్తకం చెల్లి ఒక మాట అన్నది. "గీత ఒకటే ఎందుకుండాలక్కా?"

ఆ మాట మీదే మా నియమాలన్నీ నిలబడ్డాయి. దుప్పటి మీద సుద్దముక్కతో జానెడు దూరానికొకటి చొప్పున నాలుగు గీతలు గీశాం. అందరూ కూర్చునే విసరాలి. నిలబడగలిగినవాళ్ళు, లేనివాళ్ళు అన్న తేడా అక్కడితో పోయింది. అయిదులో నాలుగు గానీ అయిదు గానీ పడితే తర్వాతి వంతుకు ఒక గీత వెనక్కి జరగాలి. ఒకటి పడినా, ఒక్కటీ పడకపోయినా ఒక గీత ముందుకు. రెండు, మూడు పడితే ఉన్నచోటే. నాలుగైదు వంతులు తిరిగేసరికి ఎవరి గీత వాళ్ళకు దొరికింది. ఆ తర్వాత మూడో తరగతి పిల్లకూ పదో తరగతి అక్కకూ పోటీ పెడితే ఎవరు గెలుస్తారో ముందుగా చెప్పడం కష్టమైపోయింది.

కొందరు అక్కలు ఒప్పుకోలేదు. బాగా ఆడినందుకు శిక్షా అని అడిగారు. సబబైన ప్రశ్నే. మా జవాబు ఇది. పాఠశాలల క్రీడా పోటీల్లో 14 ఏళ్ళలోపు, 17 ఏళ్ళలోపు అని విభాగాలు ఎందుకు పెట్టారు? కుస్తీలో బరువు చూసి జోడీ ఎందుకు కడతారు? సమానులు ఆడితేనే ఆట రక్తి కడుతుంది కనుక. మన హాస్టల్లో ప్రతి వయసుకూ ఒక జట్టు పెట్టేంత మంది లేరు, అన్ని బల్లలూ లేవు. అందుకని మనుషుల్ని విడదీయకుండా గీతను జరిపాం. పైగా వెనక గీత మీద కూర్చోవడం ఇప్పుడు మా దగ్గర గౌరవం. నాలుగో గీత అక్క అంటే ఎవరో అందరికీ తెలుసు.

ఆ గీతకు చేరడం తేలికేమీ కాదు. కోర్టులో 9 అడుగుల నుంచి విసిరే అలవాటున్నవాళ్ళు బల్ల మీద 3 అడుగులే కదా అని వేగం మూడో వంతు చేసి విసిరారు. గాజు అడుగు దూరంలోనే చతికిలబడింది. కారణం మా ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది. విసిరే కోణం ఒకటే అయితే, విసిరిన ఎత్తులోనే పడితే, దూరం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం మూడో వంతైతే దూరం తొమ్మిదో వంతు. 3 అడుగులు పోవాలంటే పాత వేగంలో సగానికి కాస్త ఎక్కువే, సుమారు 58 శాతం కావాలి. చేతి అలవాటు మార్చుకోవడానికి పెద్దవాళ్ళకు వారం పట్టింది. పాత అలవాటు లేని చిన్నవాళ్ళు ముందే నేర్చేసుకున్నారు.

మా తప్పు కూడా ఒకటి చెప్పాలి. రెండో వారంలో గుడ్డు పందెం మొదలైంది. ఓడినవాళ్ళు భోజనంలో తమ గుడ్డు గెలిచినవాళ్ళకు ఇవ్వాలి. నవ్వులాటగానే మొదలైంది. ఒక రోజు నాలుగో తరగతి చెల్లి కంచంలో వట్టి సాంబారు అన్నమే ఉండటం చూశాం. అడిగితే "ఓడిపోయాను కదక్కా" అన్నది. మాకు తల కొట్టేసినట్టయింది. పిల్ల కంచంలో గుడ్డు లాక్కునే ఆటకూ జాతర దుకాణానికీ తేడా ఏమిటి? ఆ రాత్రే పందెం వద్దని గోడ మీద రాసి అంటించాం. గెలిస్తే చప్పట్లు, ఓడితే ఇంకో వంతు. అంతకు మించి ఏమీ లేదు.

చివరగా ఒక హెచ్చరిక. వానలు తగ్గాక కోర్టు బాగు చేయించమని అడిగితే, మీకు లోపల ఆట ఉంది కదా అన్న జవాబు వచ్చింది. ఆ మాట మమ్మల్ని బాధపెట్టింది. మేము బల్ల మీద ఆట చేసుకున్నది వానకు ప్రత్యామ్నాయంగా, నేలకు కాదు. బల్ల గురి నేర్పుతుంది, ఓర్పు నేర్పుతుంది. పరుగు నేర్పదు, చెమట పట్టించదు. ఆడపిల్లలు గేటు లోపల ఎలాగో సర్దుకుంటారులే అనుకుంటే, మా ఆట మాకే సంకెల అవుతుంది. లోపలి ఆట లోపలే ఉండనివ్వండి. బయటి ఆట బయట కావాలి. స్కోరు పుస్తకం చెల్లికి బయట కూడా ఒక గీత కావాలి. కూర్చుని విసరడానికి కోర్టు పక్కన చిన్న అరుగు కడితే చాలు, రింగును మేకుకు వేసే పోటీ అక్కడా పెట్టుకోవచ్చు.

వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థినులైన అక్కలకు మా విన్నపం. ఏం కానుక ఇమ్మంటారని ప్రతి ఏడూ అడుగుతారు. ఈసారి క్యారమ్ బోర్డు వద్దక్కా. కోర్టుకు రెండు ట్రాక్టర్ల మొరం పోయించండి. నీళ్ళు పోయే కాలువ మేమే తవ్వుకుంటాం. ఇంకో రెండు రింగులు ఇప్పించండి.

తమ్ముళ్ళ హాస్టళ్ళలో చదివేవారికీ ఒక మాట. మీకు గాజులు దొరకకపోతే సైకిల్ ట్యూబు ముక్కలు కోసి రింగులు చేసుకోండి. కొలతలు మీ ఇష్టం. కానీ గీత గీసే ముందు మీ హాస్టల్లో ఎప్పుడూ చూస్తూ కూర్చునేది ఎవరో ఒకసారి చుట్టూ చూడండి. ముందు వాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ చేతికి అయిదు రింగులిచ్చి, వాళ్ళకు రెండు పడేచోట మొదటి గీత గీయండి.

వార్షికోత్సవం రోజు మా బల్ల వరండాలోనే ఉంటుంది. అక్కలందరూ వచ్చి ఆడాలి. ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా మొదట రెండో గీత మీదే కూర్చోవాలి. ఆ తర్వాత ఎటు జరగాలో స్కోరు పుస్తకం చెల్లి చెబుతుంది. ఈ మధ్య ఆమె కూర్చునేది నాలుగో గీత మీద.