ఆ నోటుబుక్కులు మళ్లీ తెరిచాం

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులుగా ఏదైనా రాయమంటే, మేం ఇద్దరం ఊళ్లో అటక మీదున్న మా ట్రంకుపెట్టెలు దించాం. ఒకదాంట్లో రైళ్ల వేళలు రాసుకున్న లాంగ్ నోటుబుక్కు, రెండోదాంట్లో రేడియో విని రాసుకున్న క్రికెట్ స్కోర్లు బయటపడ్డాయి. కాస్మెటిక్ ఛార్జీల్లో మిగిల్చుకున్న డబ్బులతో కొన్న పుస్తకాలవి.

మా ఇద్దరికీ ఆటిజం ఉందని ముప్పై అయిదేళ్లు దాటాకే తెలిసింది. మాలో ఒకరి కొడుకును డాక్టరుకు చూపిస్తే, ఆయన అడిగిన ప్రశ్నలన్నీ తండ్రికీ సరిపోయాయి. తర్వాత రెండోవాళ్లమూ వెళ్లాం. ఒక్క విషయాన్నే పట్టుకుని అందులో మునిగిపోవడం ఆటిజం లక్షణాల్లో ఒకటట. మేం హాస్టల్లో ఉన్నప్పుడు ఆ మాటే వినలేదు. 1995 వికలాంగుల చట్టం జాబితాలోనూ అది లేదు, 2016 చట్టంలో చేర్చారు. అప్పట్లో మాకున్న పేర్లు ‘టైంటేబులు’, ‘స్కోరుబోర్డు’. కోపం వస్తే ‘మెంటలు’.

మీకు తెలుసు కదా, మెస్సులో గంట కొట్టగానే ప్లేట్ల చప్పుడు ఎలా ఉంటుందో! ఆ చప్పుడు మాకు తలలో సుత్తితో కొట్టినట్టుండేది. అప్పుడు మేం లైనులో నిలబడి కాజీపేట, వరంగల్, మహబూబాబాద్, డోర్నకల్, ఖమ్మం, మధిర అని లోపల చదువుకునేవాళ్లం. విజయవాడ వచ్చేసరికి అన్నం వచ్చేది. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ 281 కొట్టిన ఇన్నింగ్స్ రెండో పుస్తకంలో నాలుగు పేజీలుంది. ద్రావిడ్‌తో కలిసి చేసిన 376 పరుగులకు ఎర్రసిరాతో గీత. నిద్ర పట్టని రాత్రి అదే మాకు జోలపాట.

మా తప్పులూ ఉన్నాయి. అన్నం తినేవాణ్ణి ఆపి స్కోర్లు చెప్పి విసిగించాం. సినిమాల్లో చూపించే లెక్కల మాంత్రికులమూ కాదు, క్వార్టర్లీలో మాకు లెక్కల్లో 28 వచ్చింది. ఆ మార్కులు చూసి ఒక పెద్దాయన ఇంకో నోటుబుక్కును పొయ్యిలో వేశారు. మా మంచికే వేశాననుకుని ఉంటారు. యాన్యువల్‌లో 22 వచ్చింది.

ఆ తర్వాత సిగ్గుపడి చాలా ఏళ్లు వీటి జోలికి పోలేదు. ఇప్పుడు తెరిస్తే అన్నీ మునుపటిలా లేవు. 2010 డిసెంబరులో ఎక్స్‌ప్రెస్‌లకు అయిదంకెల నంబర్లు వచ్చాక మా నాలుగంకెల నంబర్లన్నీ పాతబడ్డాయి. ఇప్పటి క్రికెట్ మాకు ఎక్కడం లేదు. కానీ డోర్నకల్ తర్వాత ఖమ్మం అని చదవగానే భుజాలు దిగి, ఊపిరి నెమ్మదించింది. ఇది వదిలించాల్సిన పిచ్చి అని మేం ఇక ఒప్పుకోం. స్టడీ అవర్‌లో వద్దంటే సరే, ఆ తర్వాత ఒక అరగంట ఇవ్వండి.

ఇదంతా ఎందుకంటే, పోయిన నెల హాస్టల్‌కు వచ్చినప్పుడు ఆరో తరగతి తమ్ముడొకడు గోడవారన కూర్చుని బస్సు రూట్లు రాసుకుంటున్నాడు. పక్కవాళ్లు పుస్తకం లాక్కుని ఒకరికొకరు విసురుకుంటున్నారు. వాడికి ఆటిజం ఉందో లేదో మాకు తెలియదు, అది డాక్టరు చెప్పాల్సిన మాట. ఆ పుస్తకం మాత్రం వాడికి తిరిగి ఇచ్చేయండి తమ్ముళ్లూ.

మా స్కోర్ల పుస్తకం హాస్టల్ లైబ్రరీకి ఇస్తున్నాం. రైళ్లది ఇవ్వం. అందులో ఇంకా పదకొండు పేజీలు ఖాళీగా ఉన్నాయి.