లెక్క మాది, కాగితం వాళ్లది

అమెరికా మెడికేర్, మెడికెయిడ్ సేవల కేంద్రం అధికారులకు,

టెక్సస్‌లో చిన్న ఐటీ కంపెనీ నడుపుతున్నాను. మా ఉద్యోగుల వైద్య ఖర్చును బీమా కంపెనీ మీదికి నెట్టకుండా మేమే భరిస్తాం. అందుకే జూన్ 1 దగ్గరపడుతుంటే మాకు గుబులు. ముందటి ఏడాది మందుల ఖర్చు లెక్క మీకు చేరాల్సిన గడువు అదే.

ఈ లెక్క అడిగే, 2020 డిసెంబరులో వచ్చిన చట్టం మీద నాకు కోపం లేదు. ఎక్కువగా వాడిన 50 మందులు, ఎక్కువ ఖర్చయిన 50, ఖర్చు బాగా పెరిగిన 50, తయారీదారులిచ్చిన రిబేట్లు: ఇవన్నీ బయటికి రావాల్సినవే. కానీ ఆ వివరాలు మా దగ్గర లేవు, మందుల పథకం నడిపే మధ్యవర్తి దగ్గరున్నాయి. ప్రీమియం అంకెలు మేమివ్వాలి, మిగతావాటికి వాళ్ల ఈమెయిల్ కోసం ఎదురుచూడాలి. ఒకసారి మా మధ్యవర్తి గడువుకు రెండు రోజుల ముందు ‘పంపేశాం’ అని ఒక్క ముక్క రాశాడు. ఏం పంపాడో ఇప్పటికీ చూడలేదు. తప్పుంటే మాత్రం బాధ్యత నాదే!

పైగా మధ్యవర్తులు తమ ఖాతాదారులందరి లెక్కనూ రాష్ట్రాలవారీగా కలిపి పంపవచ్చు. ఆ కుప్పలో మా రిబేటు ఎంతో ఎలా తెలుస్తుంది? డబ్బు కట్టింది మేము కదా.

మా పథకం వరకూ విడిగా ఒక ప్రతి మాకు ఇచ్చాకే మీకు పంపాలని మధ్యవర్తులకు నిబంధన పెట్టండి. వచ్చే జూన్‌కే పెడితే మరీ మంచిది.

ఇట్లు,
ఒక చిన్న యజమాని