మిషన్ ఫ్రీ.. మరి సెల్లు ఏడ దొర్కుతది?

మా తాత చెవి మిషన్ నాలుగు నెలలసంది సందుగల పడున్నది. క్యాంపుల ఇచ్చిండ్రు, ఫొటో దిగిండ్రు, పోయిండ్రు. మిషన్ ఖరాబు కాలే. సెల్లు అయిపోయింది, గంతే!

దాంట్ల పడేది 675 నంబర్ జింక్-ఎయిర్ సెల్లు. నీలి స్టిక్కర్ ఉంటది, అది పీకితెనే గాలి తగిలి పనిచేస్తది. మండలంల మెడికల్ షాపులన్నీ తిరిగిన, లేదన్నరు. గడియారాల దుకాణపాయన ఎల్ఆర్44 ఇచ్చిండు. సైజు అదే, సక్కగ కూసున్నది. కానీ దాంట్ల అంత దమ్ము ఉండది, జల్దిన దిగిపోయింది. నారింజ స్టిక్కర్ ఉన్నది 13 నంబర్, అది చిన్నది, దీంట్ల నిలువది. ట్యూబ్ గట్టివడితే మార్చొచ్చు. చెవిల పెట్టే అచ్చు మాత్రం ఎవలిది వాళ్లదే; పక్కింటోళ్లది తెచ్చి పెడితే ఈల కొడ్తది.

1981 నుంచి కేంద్రంల అడిప్ స్కీమ్ ఉన్నది. ఎన్ని మిషన్లు పంచిండ్రో చెప్తరు. అండ్ల ఎన్ని ఇయ్యాల చెవులకున్నయో ఎవలన్న చెప్పంగ నేనైతే వినలే. పీహెచ్‌సీల బీపీ గోలీలు ఇచ్చినట్టే 13, 675 సెల్లు సుత ఇయ్యాలె. అంత పెద్ద ఖర్సేం కాదు.

వచ్చే సోమవారం ప్రజావాణిల గిదే దరఖాస్తు ఇస్తున్న. మీ ఇంట్ల గిట్ల మూలకు పడ్డ మిషన్ ఉంటే, సెల్లు నంబర్ చూసి రాసుకొని రాండ్రి.