ముందు దాని ఛాతీ చూడండి



"మాస్టారూ, ఏ జాతి కుక్కను పెంచుకుంటే మంచిది?" అని నన్ను అడగని తరగతి లేదు. అడిగేవాడి మనసులో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. కుక్క ఎత్తుగా ఉండాలి, రొమ్ము భారీగా కిందికి దిగాలి, నడుము సన్నగా ఉండాలి. వీధిలో తీసుకెళ్తుంటే నలుగురూ తిరిగి చూడాలి! రంగు అడుగుతారు, చెవులు నిలబడతాయా అని అడుగుతారు, ఖరీదు అడుగుతారు. ఆ రొమ్ము వల్ల కుక్కకు ఏమవుతుందని అడిగినవారు మాత్రం ఇంతవరకు లేరు. కుక్కను ఎన్నుకునేటప్పుడు మొట్టమొదట చూడవలసింది దాని ఛాతీ ఆకారమే అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. తరువాత మీరే ఆలోచించండి.

మీ ఛాతీని అద్దంలో చూసుకోండి. ముందు నుంచి వెనక్కి తక్కువ, ఈ పక్క నుంచి ఆ పక్కకు ఎక్కువ. నాలుగు కాళ్ల మీద నడిచే కుక్కకు సాధారణంగా ఇది తారుమారు. వీపు నుంచి రొమ్ము అడుగు వరకు ఉండే కొలతను లోతు అనీ, ఎడమ పక్కటెముకల నుంచి కుడి పక్కటెముకల వరకు ఉండేదాన్ని వెడల్పు అనీ అందాం. లోతును వెడల్పుతో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది. లోతు 24 సెంటీమీటర్లు, వెడల్పు 16 సెంటీమీటర్లు అయితే నిష్పత్తి 1.5. మీ ఇంట్లో సాధువైన పెంపుడు కుక్క ఉంటే, పెద్దవాళ్లు పక్కన ఉండగా, చెరో పక్క ఒక అట్ట ఆనించి మధ్య దూరం కొలిచి చూడండి. వీధికుక్కల మీద ఈ ప్రయోగం వద్దు. రేబిస్ జబ్బుకు నిష్పత్తులతో పని లేదు!

ఈ నిష్పత్తి పెద్దదిగా ఉన్న కుక్క ఛాతీ పడవ అడుగులా లోతుగా, ఇరుకుగా ఉంటుంది. గ్రేహౌండ్, గ్రేట్ డేన్, డాబర్‌మన్, జర్మన్ షెపర్డ్ ఇలాంటివే. మన దేశంలో కర్ణాటకకు చెందిన ముధోల్, తమిళనాడుకు చెందిన రాజపాళయం కూడా ఈ తీరువే. బుల్‌డాగ్ ఛాతీ ఇందుకు వ్యతిరేకం, పీపాలా గుండ్రంగా ఉంటుంది. మన ఊరకుక్క ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది.

లోతైన ఛాతీ మొదట పుట్టింది అందం కోసం కాదు. కుందేలు వెంట పరుగెత్తే కుక్కకు పెద్ద ఊపిరితిత్తులు కావాలి, పెద్ద గుండె కావాలి. గ్రేహౌండ్ గుండె దాని శరీర బరువుతో పోలిస్తే మిగతా కుక్కల గుండె కంటే పెద్దది. అది గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తగలదు. గ్రేట్ డేన్ పూర్వీకులను జర్మనీలో అడవిపంది వేటకు పెంచారు. వేట పోయింది, ఆకారం మిగిలింది. ఇప్పుడు ఆ కుక్క పని ప్రదర్శనలో నిలబడడం. రొమ్ము మోచేతి దాకా దిగి ఉండాలని ప్రమాణాలలో రాసుకున్నారు. పరుగు కోసం వచ్చిన ఆకారాన్ని మెచ్చుకుంటాను గానీ, చూపరుల కోసం పెంచిన ఆకారాన్ని మెచ్చుకోలేను. ఎందుకంటే దానికి మూల్యం చెల్లిస్తున్నది కుక్క.

ఆ మూల్యం ఏమిటో చూడండి. లోతు ఛాతీ గల పెద్ద కుక్కలకు ఒక్కొక్కప్పుడు జీర్ణాశయం గాలితో ఉబ్బి, తన చుట్టూ తానే మెలి తిరుగుతుంది. చాక్లెట్ కాగితాన్ని రెండు చివరలా మెలిపెడతారు కదా, అలాగన్నమాట. పైన ఆహారవాహిక మూసుకుపోతుంది, కింద పేగులోకి పోయే దారీ మూసుకుపోతుంది. లోపలి గాలి త్రేన్పుగా రాలేదు, ముందుకూ పోలేదు. ఉబ్బిన జీర్ణాశయం పక్కనున్న పెద్ద సిరలను నొక్కుతుంది. శరీరం వెనుక భాగం నుంచి రక్తం గుండెకు తిరిగి రావడం తగ్గిపోతుంది. పంపుకు నీరందకపోతే పంపు మాత్రం ఏం తోడుతుంది? రక్తపోటు పడిపోతుంది, జీర్ణాశయం గోడలు రక్తం అందక చచ్చుబడతాయి. ఇదంతా కొద్ది గంటల్లో జరిగిపోతుంది. సాయంత్రం గంతులేసిన కుక్క తెల్లవారేసరికి ఉండదు.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో లారెన్స్ గ్లిక్‌మన్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు దీన్ని చాలా ఏళ్లు పరిశీలించారు. పెద్ద జాతుల కుక్కల మీద వారు 2000 లో ప్రకటించిన లెక్క ప్రకారం, వెయ్యి కుక్కలను ఒక ఏడాది గమనిస్తే 23 నుంచి 26 కుక్కలకు ఈ జబ్బు వస్తుంది. జబ్బు వచ్చిన వాటిలో నాలుగో వంతుకు పైగా చనిపోయాయి. అన్నిటికన్నా గ్రేట్ డేన్‌కు ముప్పు ఎక్కువ. ఛాతీ లోతుతో పాటు వయసు, గబగబా మింగే అలవాటు, తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చి ఉండడం కూడా ముప్పును పెంచేవే. తమాషా ఏమిటంటే, తిండి గిన్నెను ఎత్తు పీట మీద పెడితే మేలని అంతకుముందు చాలామంది చెప్పేవారు. అలా పెట్టిన కుక్కలకే ముప్పు ఎక్కువని ఆ పరిశీలనలో తేలింది. తరువాతి పరిశీలనలన్నీ ఈ విషయంలో ఏకీభవించలేదు గానీ, ఎత్తు పీట కాపాడుతుందన్న రుజువు మాత్రం దొరకలేదు. అందరూ చెప్పే మాటను కూడా లెక్కపెట్టి చూడాలని నేను క్లాసులో ఎందుకు పోరుతానో ఇప్పుడు తెలిసిందా?

మన పల్లెల్లో గొడ్డుకు కడుపు ఉబ్బితే నూనె తాగిస్తారు. కొన్ని రకాల ఉబ్బరంలో ఆవు కడుపులోని నురుగును నూనె విరగ్గొడుతుంది కాబట్టి ఆ వైద్యంలో అర్థముంది. అదే చేత్తో కుక్కకు నూనో, వాము నీళ్లో, మజ్జిగో పోస్తే అనర్థం. దారి మూసుకుపోయినచోట మందు దిగదు. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు కూడా. అన్నిటికన్నా ముఖ్యంగా కాలం వృథా అవుతుంది. కుక్క పదే పదే ఓకరిస్తూ నురుగు తప్ప ఏమీ కక్కకపోతే, చొంగ కారుస్తూ ఒకచోట నిలవకపోతే, పొట్ట మద్దెలలా బిగిస్తే వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవలసిందే. లోతు ఛాతీ కుక్కలో జీర్ణాశయం కొంత పక్కటెముకల చాటున ఉంటుంది కనుక పొట్ట ఉబ్బు బయటికి కనిపించకపోవచ్చు. ఉబ్బు కనిపించేదాకా ఆగకండి. వైద్యులు ముందు గాలి తీసి, ఆపరేషన్ చేసి మెలిక విప్పుతారు. మళ్లీ తిరగకుండా జీర్ణాశయాన్ని ఉదరం గోడకు కుట్టేస్తారు.

జబ్బు రాకముందే ఈ కుట్టు వేయించడం కొన్ని దేశాల్లో పరిపాటి అయింది. దీనివల్ల గ్రేట్ డేన్లలో ఈ జబ్బు చావులు దాదాపు 30 రెట్లు తగ్గుతాయని 2003 లో లెక్కగట్టారు. ఇప్పటికే అలాంటి కుక్క ఇంట్లో ఉన్నవారు వైద్యుని అడిగి వేయించడమే మంచిది. కానీ ఒక్కమాట. ఆకారాన్ని మనమే ఇలా తయారుచేసి, ఆపైన దారంతో కుట్టి నిలబెట్టుకోవడం శాస్త్రానికి గొప్పేమో గానీ మనకు గొప్ప కాదు.

పీపా ఛాతీ సంగతి వేరు. బుల్‌డాగ్ అవస్థలో ఛాతీ కన్నా చప్పిడి ముక్కు పాత్రే ఎక్కువ. 2008 లో బి.బి.సి. జాతికుక్కల జబ్బుల మీద ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేస్తే పెద్ద దుమారం లేచింది. 2009 లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ బుల్‌డాగ్‌తో సహా అనేక జాతుల ప్రమాణాలను సవరించింది. మనుషులు రాసిన ప్రమాణాన్ని మనుషులు మార్చగలరని దీన్నిబట్టి తేలింది కదా!

ఛాతీ ఆకారం వైద్యుని చేతిని కూడా మారుస్తుంది. కుక్క గుండె ఆగిపోతే ఛాతీని నొక్కి రక్తం ఆడించే పద్ధతి మీద 2012 లో పశువైద్యులు అంతర్జాతీయ సూచనలు తయారుచేశారు. ఛాతీ గుండ్రంగా ఉన్న పెద్ద కుక్కను పక్కకు పడుకోబెట్టి ఛాతీ బాగా వెడల్పుగా ఉన్నచోట నొక్కాలి. గ్రేహౌండ్ లాంటిదైతే సరిగ్గా గుండె మీద నొక్కాలి. బుల్‌డాగ్‌నైతే వెల్లకిలా పడుకోబెట్టి, మనిషికి చేసినట్లు రొమ్ముటెముక మీద నొక్కాలి.

ఇంత చెప్పినా మీ నాన్నగారు గ్రేట్ డేన్ పిల్లనే తెస్తానంటే, అమ్మేవారిని ఇలా అడగమనండి: "దీని తల్లికి గానీ తండ్రికి గానీ ఎప్పుడైనా జీర్ణాశయం మెలిపడిందా?" అమ్మేవాడు విసుక్కుంటే అక్కడ కొనవద్దు. తెచ్చాక తిండిని ఒకేసారి కాక రెండు మూడు పూటలుగా పెట్టండి. గబగబా మింగనీయకండి. రాత్రివేళ ఆపరేషన్ చేయగల పశువైద్యశాల ఎక్కడుందో, ఎంత దూరమో గోడమీద రాసి పెట్టుకోండి. మా ఊరి నుంచి అది 40 కిలోమీటర్లు, రాత్రి 9 దాటితే బస్సు లేదు. అందుకే మా ఊరి పిల్లలకు మన ఊరకుక్క పిల్లనే తెచ్చుకుని, టీకాలు వేయించి పెంచుకోమని చెబుతున్నాను.