ఖులా అయితే పాత కస్టడీ ఆర్డర్ పోతుందా?

తల్లి చేతిలో పిల్లల కస్టడీ ఆర్డర్ ముందే ఉంది. తర్వాత ఖులా అయింది. పెళ్లే లేనప్పుడు ఆ ఆర్డర్ ఇంకెక్కడిదంటూ తండ్రి తరఫు వాళ్లు పిల్లల్ని తీసుకుపోవచ్చా? కుదరదు.

భర్త ఒప్పుకోకపోయినా ఖులా తీసుకునే హక్కు ముస్లిం మహిళకు ఉందని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తేల్చి చెప్పింది. కానీ ఖులాతో తెగేది మియా బీవీల బంధమే. పిల్లల సంగతి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం చూస్తుంది. బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటే ఆ జిల్లాలోనే కేసు. కేసముద్రంలో ఉంటే మహబూబాబాద్ పోవాలి.

అలాగని పాత ఆర్డర్ శిలాశాసనమూ కాదు. పరిస్థితులు మారితే కస్టడీ ఆర్డర్లు మార్చవచ్చని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. గృహహింస చట్టం కింద వచ్చినదైతే అసలే తాత్కాలికం. మార్చాలన్నా కోర్టే మార్చాలి, జమాత్ పెద్దలు కాదు. హనఫీ ఫిఖ్‌లో కొడుక్కి ఏడేళ్లు, కూతురికి యుక్తవయసు వచ్చేదాకా హిజానత్ తల్లిదే. కోర్టు దాన్నీ చూస్తుంది, కానీ బిడ్డ మేలు తర్వాతే. ఆర్డర్ వచ్చాక తల్లి బడికి పంపిందా, తండ్రిని కలవనిచ్చిందా, తండ్రి ఖర్చు పంపాడా అన్నవి తర్వాతి కేసులో బరువైన విషయాలు. రసీదులు దాచుకోవాలి.

అసలు గండం ఖులానామాలో ఉంటుంది. మెహర్‌తోపాటు పిల్లల్నీ వదులుకుంటున్నానని ఒక లైను రాయించి సంతకం పెట్టిస్తారు. మెహర్ ఆమెది, వదులుకోవచ్చు. బిడ్డ మేలు బేరానికి పెట్టేది కాదు, ఆ రాత కోర్టు చేతులు కట్టేయదు. అయినా చదవకుండా సంతకం పెడితే, దాన్ని తప్పని నిరూపించుకోవడానికే ఏళ్లు పడతాయి.