నెబ్రాస్కా శాసనసభలో నలుబదియారేండ్లు

రాజకీయ జీవితమునకు పదవులే కొలబద్ద యని నమ్మువారికి ఎర్నీ ఛేంబర్సు చరిత్ర రుచింపదు. ఆయన గవర్నరు కాలేదు. వాషింగ్టను సెనేటులో అడుగు పెట్టలేదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్ర శాసనసభలో, ఉత్తర ఒమాహా ప్రతినిధిగా, 1971 మొదలు 2009 వరకును, మరల 2013 నుండి 2021 వరకును, మొత్తము 46 ఏండ్లు కూర్చున్నాడు. ఆ రాష్ట్రమున అంతకాలము సభ్యుడుగా నున్నవాడు మరొకడు లేడు.

ఆ సభయే విలక్షణమైనది. అమెరికా రాష్ట్రములలో ఏకసభా విధానము గలది నెబ్రాస్కా యొక్కటే. 1937 నుండి అట్లే నడచుచున్నది. సభ్యులు 49 మంది. ఎన్నికల పత్రముపై పార్టీ పేరుండదు. ఆయన చివరి దినములలో సైతము సభ్యుని జీతము ఏడాదికి 12,000 డాలర్లే. చర్చను బలవంతముగ ముగింపవలెనన్న 33 ఓట్లు కావలెను. నియమావళిని కంఠస్థము చేసిన ఒంటరి సభ్యుడు అట్టి సభను గంటల తరబడి నిలబెట్టగలడు. క్షౌరవృత్తిలో నుండి వచ్చి, సభ్యుడై యుండగానే 1979లో న్యాయశాస్త్ర పట్టము పొందిన ఛేంబర్సు ఈ రహస్యమును చక్కగా గ్రహించినాడు. చాలకాలము సభలో నల్లజాతి సభ్యుడు ఆయన యొక్కడే. సంఖ్యాబలము లేనివానికి నియమజ్ఞానముకన్న వేరొక ఆయుధమేది?

ఆ ఆయుధముతో సాధించినవి స్వల్పములు కావు. వర్ణవివక్షను పాటించుచుండిన దక్షిణాఫ్రికాతో వ్యాపారము చేయు సంస్థలనుండి ప్రభుత్వ నిధులను ఉపసంహరింపవలెనని 1980లో సభచేత తీర్మానము చేయించినాడు. రాష్ట్రములలో అది మొదటిదని పేరొందినది. పాఠశాలలలో పిల్లలను కొట్టుటను నిషేధించిన 1988 నాటి శాసనము వెనుక నున్నదియు ఆయన కృషియే. బెత్తము లేనిదే చదువు రాదని వాదించువారు మన ఉపాధ్యాయులలో నేటికిని లేకపోలేదు గనుక ఈ సంగతి గమనింపదగినది.

ఆయనపై ఆక్షేపణలును కలవు. సహసభ్యులతో పరుషముగ మాటలాడెడివాడనియు, మంచి బిల్లులు సైతము ఆయన ఉపన్యాసములలో చిక్కుపడెననియు అందురు. అందు సత్యము లేకపోలేదు. కాని దానికి విరుగుడుగా, వరుసగా రెండు దఫాలకు మించి ఎవరును సభ్యులుగా నుండరాదని 2000లో రాజ్యాంగమును సవరించుట వింతగా తోచును. ఆ నిబంధన ఛేంబర్సుపై గురిపెట్టినదేయని పలువురు తలచిరి. తమ ప్రతినిధి వలదని చెప్పవలసినవారు ఉత్తర ఒమాహా ఓటర్లు, వారట్లు చెప్పలేదు. నాలుగేండ్లు ఆగి, 2012లో ఆయననే తిరిగి ఎన్నుకొనిరి.

మరణదండన రద్దు ఆయన జీవితాశయము. సభ 1979లో రద్దు బిల్లును ఆమోదించినను గవర్నరు నిరాకరించినాడు. దాదాపు ప్రతి సమావేశములోను ఆ బిల్లును మరల ప్రవేశపెట్టుచునే వచ్చినాడు. 2015 మే నెలలో సభ రద్దునకు అంగీకరించినది. గవర్నరు నిరాకరింపగా, ఆ నిరాకరణను 30–19 ఓట్లతో త్రోసివేసినది. మరుసటి యేడు ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు మరణదండననే పునరుద్ధరించిరి. 1997 తరువాత ఆ రాష్ట్రమున మొదటి మరణదండన 2018 ఆగస్టులో అమలు జరిగినది. 2019లో ఛేంబర్సు రద్దు బిల్లును మరల సభ ముందుంచినాడు. అది నెగ్గలేదు. రెండేండ్లకు, 83వ యేట, అదే నిబంధన ననుసరించి ఆయన రెండవమారు సభను వీడినాడు.